వెనక వరండాలో రెండో ఫ్రిజ్

సుంగై సిపుట్ ఇంకాస్త దూరం ఉందనగా, రోడ్డు వారన ఒక మనిషి మోటారుసైకిలు తోసుకుంటూ పోవడం గిడియన్ కంట పడింది. వాన అప్పుడే వెలిసింది. తారు మీంచి ఆవిరి లేస్తోంది. బండి వెనక చక్రం గాలంతా పోయి నేలకి అతుక్కుని, ఆ మనిషిని అడుగడుగునా వెనక్కి లాగుతోంది.

గిడియన్ ఆ దారిన రావలసినవాడే కాదు. తైపింగ్‌లో ఒక ఫ్యాక్టరీ ఏసీ యంత్రాలు చూడమంటే కౌలాలంపూర్ దగ్గరి సైబర్‌జయ నుంచి పొద్దున్నే బయలుదేరాడు. ఇపో దాటాక హైవే మీద ట్రెయిలర్ ఒకటి అడ్డం తిరిగి, బళ్లన్నీ నిలిచిపోతే, అందరితోపాటు అతనూ పాత రోడ్డెక్కాడు. హైవే ఊళ్లకి మొహం చాటేసి పోతుంది. పాత రోడ్డు మాత్రం ప్రతి ఊరి నడిబొడ్డునా ఆగి, ప్రతి టీకొట్టునీ పలకరించి గానీ కదలదు. కొన్ని నెలలుగా గిడియన్‌కి హైవే అంత ఇష్టం కావడానికి కారణమూ అదే. పని మీద ఇటు వచ్చిన ప్రతిసారీ, సుంగై సిపుట్ అన్న పచ్చబోర్డు కనబడగానే కుడి లేనులోకి మారి వేగం పెంచేవాడు.

అయినా యంత్రం చెడి నిలబడ్డ మనిషిని దాటిపోవడం అతని వల్ల కాదు. కారు పక్కకి తీసి, అద్దం దించి, సాయం కావాలా అని మలాయ్‌లో అడిగాడు. ఆ మనిషి హెల్మెట్ తీశాడు.

"ఏటిరా గిడియనూ! నువ్వేటి ఇక్కడ?"

పాట్రిక్ మామ! జుట్టు పూర్తిగా నెరిసింది, దవడలు లోపలికి పోయాయి, కానీ ఆ నవ్వు అదే. ఏ మొహం కనబడకూడదని గిడియన్ ఇన్నాళ్లూ ఆ బోర్డు దగ్గర వేగం పెంచుతూ వచ్చాడో, ఆ మొహం కారు కిటికీలోంచి లోపలికి వంగి నవ్వుతోంది.

"పని మీద తైపింగ్ పోతన్నాను మామా," అన్నాడు గిడియన్.

"బాగుంది లా! దేవుడే పంపినాడు. దిగు, ఎనకనించి తొయ్యి," అన్నాడు పాట్రిక్, మలేసియాలో అందరూ మాట చివర తగిలించే ఆ 'లా'తో సహా.

దిగి తోశాడు. ఇద్దరూ కలిసి బండిని దగ్గర్లో ఉన్న చీనా వర్క్‌షాపు దాకా చేర్చారు. మెకానిక్ చక్రం విప్పుతూ, ట్యూబు మార్చాలి, కాసేపు కూర్చోండి అంకల్ అన్నాడు. రోడ్డుకి అవతల తమిళవాళ్ల టీకొట్టు ఉంది. బండి వెనక కట్టిన ప్లాస్టిక్ డబ్బా విప్పి చంకన పెట్టుకుని, పాట్రిక్ ముందు నడిచాడు. గిడియన్ వెనక నడిచాడు, చెప్పవలసిన మాట ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక.

పాట్రిక్ ఈ చుట్టుపక్కల ఒక రబ్బరు తోటలో, కూలీలుండే లైన్ ఇంట్లో పుట్టాడు. తాత విజయనగరం వైపు నుంచి ఓడెక్కి వచ్చి, ఈ చెట్ల మధ్యనే పోయాడు. తండ్రి తెల్లవారకముందే రబ్బరు పాలు గీయడానికి వెళ్లేవాడు, మధ్యాహ్నానికి కల్లుకొట్టులో ఉండేవాడు. ఆ కొట్టు ఎవరో దొంగచాటుగా పెట్టింది కాదు. తోటల కాలంలో గుడి, బడి, కల్లుకొట్టు మూడూ దొరల లెక్కలో కూలీ జనానికి కావలసిన సదుపాయాలే. బడి కొన్ని తోటల్లో ఉండేది కాదు, కొట్టు మాత్రం ఉండేది. తండ్రి కల్లు నుంచి సంసుకి దిగాడు. సంసు అంటే నాటుసారాకి ఇక్కడి పేరు. అది ఆయన్ని తీసుకుపోయింది. పాట్రిక్ తోట లారీ నడిపాడు, తోటలు అమ్ముడుపోయాక కౌలాలంపూర్ చేరి సిటీ బస్సు నడిపాడు, తండ్రి తాగినదంతా తనూ తాగాడు. పెళ్లాం కూతుర్ని తీసుకుని జొహోర్‌లో పుట్టింటికి పోయింది. బస్సు ఉద్యోగం పోయింది. పుచోంగ్‌లో ఒక దుకాణాల వరస మీద, పై అంతస్తులో తెలుగువాళ్ల చర్చి ఉంది. చివరికి ఆ చర్చి మెట్ల మీద పడుకోవడం మొదలుపెట్టాడు.

అక్కడ అతన్ని లేపింది జోసఫీన్ అత్త. చర్చిలో అందరికీ ఆమె అత్తే, పాట్రిక్‌కి మాత్రం అక్క. బైబిలు వాక్యం చెప్పలేదు, ఏడవలేదు. "లెగు. ఈ గిన్నెలు కడగాల," అని ఒక పళ్లెం చేతిలో పెట్టింది. ప్రభువు బల్ల రోజున, క్రీస్తు రక్తానికి గుర్తుగా ద్రాక్షరసం పోసి పంచే గాజు గిన్నెలు, బొటనవేలంత ఉంటాయి ఒక్కొక్కటీ. ఆరోజు నుంచి వాటిని కడిగే పని పాట్రిక్‌ది.

ఆ చర్చిలో సారాయి చుక్క కూడా ఉండదు. కల్లుకొట్ల నీడన పెరిగిన కుటుంబాలు కట్టుకున్న చర్చి అది. సభ్యుడిగా చేరేటప్పుడు ఏ మత్తూ ముట్టనని అందరి ఎదుట మాట ఇవ్వాలి. బల్ల మీదికి వచ్చేది ద్రాక్షరసమే. జోసఫీన్ అత్త నల్లద్రాక్ష ఉడకబెట్టి, వడకట్టి, చల్లార్చి తెస్తుంది. ఆ రసానికి ఒక నియమం ఉంది: ప్రార్థన అయ్యాక మిగిలింది సింకులో పారబోయకూడదు. గిన్నెలు కడిగేవాడే దాన్ని తాగేయాలి. నెలకొకసారి, జనమంతా కింద టీ తాగుతుంటే, పాట్రిక్ వంటగదిలో ఒంటరిగా నిలబడి మిగిలిన రసం తాగి గిన్నెలు తోమేవాడు. సంసు తాగిన నోటికి దేవుడు తీపి తినిపిస్తున్నాడని చెప్పుకుని నవ్వేవాడు. అలా ఏళ్లు గడిచాయి. అప్పటికి అతను స్కూలు వ్యాను నడుపుతున్నాడు, జొహోర్ నుంచి కూతురు ఫోను చేస్తోంది. అందరి నోటా పాట్రిక్ పేరు దేవుడు మనిషిని మారుస్తాడనడానికి సాక్ష్యంగా వినబడే రోజులు వచ్చాయి.

అదే చర్చిలో, కమిటీ బల్ల దగ్గర కూర్చునే గిడియన్ ఇంట్లో, వెనక వరండాలో, ఒక రెండో ఫ్రిజ్ ఉంది.

అతనికి నిజానికి బీరు మీద కన్నా చలి మీద మోజు. సైబర్‌జయలో కంప్యూటర్లు నింపిన గదుల్ని రాత్రింబవళ్లు చల్లగా ఉంచడం అతని ఉద్యోగం. తోటి ఉద్యోగి ఇళంగోవన్ ఒకరోజు సొంతంగా కాచిన బీరు సీసా ఇచ్చి, ఈ దేశంలో ఇది ఎందుకు బాగా రాదో తెలుసా అని అడిగాడు. ఆ ప్రశ్నే గిడియన్‌ని పట్టుకుంది. చలిదేశాల సన్యాసులు గుహల్లో, నేలమాళిగల్లో బీరు దాచుకున్నారట. ఎండాకాలానికని మంచుగడ్డలు రంపంతో కోసుకొచ్చి పేర్చుకునేవారట. ఇక్కడ పొద్దున వండిన అన్నం సాయంత్రానికి వాసన కొట్టే గాలి. ఈ వేడికి, బీరుని పులియబెట్టే ఈస్టు వెర్రెత్తిపోతుంది. బీరు అరటిపండు వాసనా, గోళ్లరంగు వాసనా కలిసి కొడుతుంది. అందుకని గిడియన్ పాత ఫ్రిజ్ ఒకటి తెచ్చాడు. దాని ప్లగ్గుకీ గోడకీ మధ్య అగ్గిపెట్టెకి రెండింతలుండే ఒక మీట పెట్టాడు. మీట నుంచి వచ్చే, వేడిని పసిగట్టే తీగ కొసని బీరు పులిసే డబ్బా పక్కకి టేపుతో అంటించాడు. డబ్బా వేడెక్కితే ఫ్రిజ్ తనంతట తను మేలుకుంటుంది, చల్లబడితే నిద్రపోతుంది. పులిసేటప్పుడు పంతొమ్మిది డిగ్రీలు. పులిసి అయ్యాక, మడ్డి అడుగున దిగడానికి రెండు డిగ్రీలు. సాయంత్రాలు స్టూలు వేసుకుని ఆ మీట మీద ఎర్ర అంకెలు చూస్తూ కూర్చునేవాడు. తాగేది ఒక గ్లాసు, మిగిలిందంతా ఇళంగోవన్‌కి. భార్య ఎవెలిన్ ఫ్రిజ్ మీద దుప్పటి కప్పి, "సర్చోళ్లకి తెలిస్తే నాను రాను లా, నువ్వే పోయి సెప్పుకో," అనేది.

ఒకసారి బల్ల ఆదివారానికి ముందు వారం, జోసఫీన్ అత్త ఫ్రిజ్ చెడిపోయింది. రసం ఎక్కడ పెట్టాలని అడిగితే, ఫ్రిజ్‌లు బాగుచేసేవాడిగా గిడియన్‌కి నోరు ఊరుకోలేదు. మా ఇంట్లో ఇంకోటుందత్తా అన్నాడు. రసం పోసుకోవడానికి రబ్బరు బిరడా పెద్ద సీసాలు కూడా తనే ఇచ్చాడు. అవి బీరు సీసాలు. కడిగాడు, కానీ కుళాయి కింద ఒకసారి తిప్పి వదిలాడు. అడుగున పలచగా పట్టిన ఈస్టు అంత తేలిగ్గా పోదని అతనికి తెలుసు, తొందరలో చూడలేదు. అత్త సీసాలు తెచ్చి పెట్టిన రోజున ఫ్రిజ్ రెండు డిగ్రీల మీద ఉంది. రెండ్రోజులకి పాత బీరు తీసేసి కొత్తది పెట్టినప్పుడు, అలవాటు చొప్పున మీట పంతొమ్మిదికి తిప్పాడు. కింది అరలో సీసాలు అతనికి గుర్తే లేవు.

గుర్తొచ్చింది శనివారం సాయంత్రం. తలుపు తీసి, సీసాని వెలుతురుకి ఎత్తి చూశాడు. మెడ చుట్టూ సన్నని బుడగలు, పూసలు గుచ్చినట్టు. బిరడా లోపలి నుంచి తోసుకొస్తోంది. చెడిపోయిందని ఒక్క ఫోను చేస్తే అయిపోయేది. కానీ ఎలా చెడిందని అడుగుతారు. ఫ్రిజ్ చూస్తామంటారు. అతను సీసా మళ్లీ లోపల పెట్టి, మీట రెండుకి తిప్పి, చల్లబడితే సర్దుకుంటుందిలే అనుకున్నాడు. చలి గురించి అంత తెలిసినవాడు, అయిపోయిన పులుపుని చలి వెనక్కి తిప్పలేదని తెలిసినవాడు, ఆ రాత్రికి ఆ మాట నమ్మాడు.

ఆదివారం బొటనవేలంత గిన్నెలతో ముసలివాళ్లు మొహాలు చిట్లించారు. వంటగదిలో పాట్రిక్ మిగిలింది తాగాడు. సోమవారం స్కూలు వ్యాను పిల్లల కోసం రాలేదు. పాట్రిక్ సుంగై సిపుట్ వైపు పోయాడని తరవాత ఎవరో అన్నారు.

టీకొట్టులో పాట్రిక్ డబ్బా మూత తీసి రెండు వడలు గిడియన్ ముందుకి తోశాడు. "తిను. మాగ్డలీన్ ఏపింది, మా సెల్లి. పొద్దున్న కొట్లకి ఏస్తాను, మద్దేనం పడుకుంటాను. రాజాలాగున్నాను."

"మామా, నువ్వు..." గిడియన్ ఆగాడు.

"తాగుతన్నానా అనా? లేదురా. మల్లీ మానేసినాను. ఎన్నాల్లయింది అని మాత్రం అడక్కు. మొదటిపాలి రోజులు లెక్కెట్టుకొని మురిసిపోనాను. ఈపాలి లెక్కెట్టను."

టీ వచ్చింది. గిడియన్ గ్లాసుని రెండు చేతుల మధ్య తిప్పుతూ కూర్చున్నాడు. ఏసీ గదుల్లో, కారులో, స్నానాలగదిలో కూడా ఈ మాటని ఎన్నోసార్లు చెప్పి చూసుకున్నాడు. తీరా ఇప్పుడు బుర్రలో ఒక్క ముక్క లేదు.

"మామా, ఆ ఆదివారం రసం..."

"పులిసిపోనాది. తెలుసు."

"ఎలా తెలుసు?"

"ఎలా ఏటి ఎలా? కల్లుకొట్టు ఎనకాల పుట్టినోడినిరా నాను. జగ్గు దగ్గరికి రాకముందే ముక్కుకి తెలిసిపోనాది."

"మరి పారబొయ్యలేకపోనావా?"

పాట్రిక్ పకపకా నవ్వాడు. పక్క బల్ల దగ్గర తమిళాయన తిరిగి చూశాడు. "పారబొయ్యకూడదు కదా! దేవుడి రసం! ఎంత మంచి సాకురా అది. అంత మంచి సాకు నా జనమలో దొరకలేదు. జగ్గు కాలీ సేసినాను, గిన్నెలు ఒకటొకటీ ఒంపుకున్నాను, సీసాలో నీల్లేసి కడిగి ఆ నీల్లు కూడా తాగినాను. అంతా బక్తిగానే. తరవాత మెట్లు దిగి ఎటెల్లినానో నాకు తెలవదు."

"మామా, అది నా ఫ్రిజ్‌లో పులిసింది," అన్నాడు గిడియన్. ఆ పైన మాటలు వాటంతటవే దొర్లాయి. బీరు, మీట, పంతొమ్మిది డిగ్రీలు, సీసా అడుగు మడ్డి, శనివారం సాయంత్రం బుడగలు. చెబుతున్నంతసేపూ బల్ల మీది చక్కెర డబ్బా వైపే చూశాడు.

పాట్రిక్ నోరు తెరుచుకుని విన్నాడు. "నువ్వా? కమిటీ గిడియనా? బీరా?"

"అవును మామా."

"బాగుంటాదేటి?"

"మొదట్లో... అంత బాగుండేది కాదు."

"సీ! పాపం సేస్తే సేసినావు, అదైనా బాగా సెయ్యొద్దా?" అని మళ్లీ నవ్వి, కళ్లు తుడుచుకుని, చెయ్యి చాచి గిడియన్ మెడ మీద వేశాడు. "ఇన్నాల్లూ ఇదే మోస్తన్నావా? ఒరే, బుడగలు నీకు కనపడినాయి, వాసన నాకు తగిలింది. ఇద్దరం నోరు మూసుకున్నాం. నువ్వు బయపడి మూసుకున్నావు, నాను ఆశపడి మూసుకున్నాను. తాగింది నాను. నా తాగుడు నాది, దాన్ని నువ్వు లాక్కోకు. ఒగ్గెయ్."

గిడియన్ కళ్లలో నీళ్లు తిరిగాయి. వెంటనే ఆకలి వేసింది. సిగ్గుపడాల్సిన ఆకలి అది, అయినా వేసింది. వడ తిన్నాడు, రొట్టె చనాయ్ అనే ఇక్కడి పరోటాలు రెండు చెప్పాడు, పప్పులో ముంచుకు తిన్నాడు. రోడ్డు అవతల మెకానిక్ రేడియో పాడుతోంది. తోటలు పోయి ఇళ్లు లేచిన ఆ ఊరు కూడా ఆ కాసేపు అతనికి ఎంతో అందంగా కనబడింది.

"అక్క ఎలాగుంది?" అని అడిగాడు పాట్రిక్, టీ ఊదుకుంటూ. "జోసఫీన్ అక్క. నాకు మొకం సెల్లక ఫోను సెయ్యలేదు. నా సోటులో ఎవులు గిన్నెలు కడుగుతన్నారు? అక్క ద్రాచ్చ రసం రుచి ఇప్పటికీ..."

"ఇప్పుడు పెట్టెల్లో వచ్చే రసం కొంటన్నాం మామా, సూపర్‌మార్కెట్లో."

"ఎందుకూ?"

గిడియన్ రొట్టె ముక్క కింద పెట్టాడు. "అత్తకి వయసైపోయింది కదా..."

"వయసేటి? నాకన్నా గట్టి మడిసి. ఏటయింది అక్కకి?"

"ఆ రసం పులిసినాది కదా. అత్త సరిగ్గా మరగబెట్టలేదేమో, మరిచిపోయిందేమో అనుకున్నారు."

"ఎవులు అనుకున్నారు?"

"అందరూ. కమిటీలో..."

"కమిటీలో నువ్వున్నావు కదా."

"ఉన్నాను."

పాట్రిక్ గ్లాసు బల్ల మీద పెట్టాడు, చప్పుడు కాకుండా. "అప్పుడు నువ్వేటన్నావు?"

ఆ రోజు కమిటీలో గిడియన్ ఏమీ అనలేదు. ఇకనుంచి రసం బయట కొందాం, ఒప్పుకునేవారు చెయ్యెత్తండి అన్నప్పుడు, అటూ ఇటూ చూసి అందరితోపాటు ఎత్తాడు. అది కూడా చెప్పాడు. పాట్రిక్ అడగకుండానే చెప్పేశాడు, ఇందాక చెప్పినంత సులువుగా ఇదీ దిగిపోతుందేమోనన్న ఆశతో.

"అక్క ఆ గదిలో ఉందా?"

"ఉంది మామా."

"ఏటన్నాది?"

"మొదట, మరగబెట్టినాను అంది. తరవాత కాసేపు ఆలోచించుకొని, 'ఏమో, మరిసిపోనానేమో' అంది." "ఇప్పుడు ప్రతిదానికీ అలాగే అంటంది. గ్యాసు కట్టానా, తలుపేశానా అని తిరిగి తిరిగి చూసుకుంటంది. కోడలు ఆమెని పొయ్యి దగ్గరికి రానివ్వడం లేదు. నీ సంగతి తలుచుకొని, నా మతిమరుపే వాణ్ణి సంపింది అని ఏడుస్తాదంట."

పాట్రిక్ చాలాసేపు అతని మొహంలోకి చూశాడు. కోపం లేదు ఆ చూపులో. ఎవరో కొత్త మనిషిని, ఎక్కడైనా చూశానా అని పోల్చుకునేవాడిలా చూశాడు. మెడ మీది చెయ్యి ఎప్పుడు తీశాడో గిడియన్‌కి తెలియలేదు, అక్కడ చల్లగా అనిపించి చూసుకుంటే లేదు.

"సెప్తాను మామా," అన్నాడు గిడియన్ గబగబా. "వచ్చే ఆదివారం అందరి ముందు సెప్తాను. నువ్వు కూడా వస్తే... నా కారులోనే పోదాం. నువ్వు పక్కనుంటే నేను సెప్పగలను. నీకేం కోపం లేదని నువ్వొక మాటంటే వాల్లు కూడా..."

పాట్రిక్ లేచాడు. వడల డబ్బా మూత నొక్కి చంకన పెట్టుకున్నాడు. టీకి సరిపడా చిల్లర బల్ల మీద ఉంచాడు, తన ఒక్కడి టీకే. గుమ్మం దిగి, అటూ ఇటూ బళ్లు చూసుకుని, రోడ్డు దాటాడు.

వర్క్‌షాపులో అతని బండి ఇంకా ఒక చక్రం మీదే ఉంది. మెకానిక్ కొత్త ట్యూబు లోపలికి తోస్తూ తలెత్తి, "అంకల్, ఇంక ఐదు నిమిషాలు లా," అన్నాడు. పాట్రిక్ ఆగలేదు. బండి పక్కనుంచే నడిచి, ముందుకి సాగాడు.

"అంకల్! మోటార్!" అని మెకానిక్ అరిచాడు. తరవాత టీకొట్టు వైపు తిరిగి, ఏమైంది అన్నట్టు గిడియన్‌ని చూశాడు.

గిడియన్ గుమ్మం దాకా వచ్చి పిలిచాడు. ఒక లారీ మధ్యలోంచి పోయింది. అది దాటేసరికి పాట్రిక్ వరస దుకాణాల చివరికి చేరాడు. తల వంచుకోలేదు, వెనక్కి తిరగలేదు, తడి రోడ్డు వారన ఒకే వేగంతో నడిచి, మలుపు తిరిగి కనబడకుండా పోయాడు.